సొంత వాడకానికి మాత్రమే

ఓడ మధ్యాహ్నం రెండింటికి కదులుతుంది. ఈలోగా మిగిలిన మూడు డీవీడీలూ నకలు తీసేసి, ఉన్ని మేజోళ్ళు సర్దుకుని, ఒక కునుకు తీసి రేవుకి వెళ్ళాలని ఆర్న్‌ఫిన్ పొద్దున్నే పథకం వేసుకున్నాడు. వంటింటి బల్ల మీద ఒకపక్క కంప్యూటరు డిస్కుని నములుతోంది. ఇంకోపక్క ఆయన గోధుమరంగు జున్ను పెట్టిన వాఫెల్ అట్టు నములుతున్నాడు.

ఆర్న్‌ఫిన్ ‘సోల్‌హావ్’ అనే చేపల ఓడలో ఇంజనీరు. వేల గాలాలు కట్టిన తాళ్ళు సముద్రంలోకి వదిలి కాడ్ చేపలు పట్టే ఓడ అది. వెళ్తే ఆరువారాలు. అక్కడ ఇంటర్నెట్టూ ఉండదు, ఇరుగుపొరుగూ ఉండదు. సినిమాలే దిక్కు. ఇరవై ఏళ్ళుగా ఆయన కొన్న డీవీడీలు రెండు బీరువాలు నిండాయి. ఒక్కటీ దొంగసరుకు కాదు.

“అంత ముచ్చటపడి కొన్నవాటిని అలాగే పట్టుకుపోరాదూ?” అంది భార్య బోర్గ్‌హిల్డ్. ఆవిడ ఊరి గ్రంథాలయంలో పనిచేస్తుంది.

“పోయినసారి పట్టుకెళ్తే ఏమైంది? ఓడ ఒరిగింది, డిస్కులు కింద పడ్డాయి, మా వంటవాడు లైడుల్ఫ్ బూటుకాలేసి తొక్కాడు. నలభై సినిమాలు ఈ పలకంత ట్యాబ్లెట్‌లో పట్టేస్తుంటే మోత ఎందుకు?”

“మన డిస్కు మనం నకలు తీసుకోవచ్చుట గానీ, నకలు తియ్యకుండా కంపెనీవాడు దానికి వేసిన తాళం పగలగొట్టకూడదని కొందరంటారు.”

“భలేగా ఉందే! ఇల్లు నాదిట, తాళం వాడిదిట. నా సొంతానికేగా!”

“నువ్వు చూసుకున్నంతవరకూ సొంతమే” అంది బోర్గ్‌హిల్డ్, గ్రంథాలయంలో ఆలస్యంగా పుస్తకం తెచ్చినవాళ్ళని చూసే చూపు చూస్తూ.

కంప్యూటరు ప్రతి డిస్కుకీ ఒక ప్రశ్న అడుగుతోంది: ఏ భాష ధ్వని కావాలి? జాబితాలో నార్వేజియన్ రెండుసార్లు ఉంది. రెండోది మొదటిదానికన్నా మెరుగై ఉంటుందని ఆర్న్‌ఫిన్ నలభై సినిమాలకీ నమ్మకంగా రెండోదే నొక్కాడు.

ఆ రెండోది ఏమిటో సముద్రంలో మూడోరోజు తెలిసింది. పని దిగినవాళ్ళు భోజనాల గదిలో చేరి ట్యాబ్లెట్ చుట్టూ కూర్చున్నారు. బొమ్మ మొదలైంది. దాంతోపాటే నూతిలోంచి వచ్చినంత గంభీరంగా, నిదానంగా ఒక మగగొంతు చెప్పసాగింది: “వాన కురుస్తోంది. ఒక స్త్రీ కిటికీ దగ్గరికి నడుస్తుంది. ఆమె చేతిలో ఉత్తరం.”

“ఎవడ్రా వీడు? మాకు కళ్ళు లేవా?” అన్నాడు ఒకడు.

లేవనే అనుకున్నారు ఆ డిస్కు చేసినవాళ్ళు. చూపులేనివాళ్ళ కోసం దృశ్యాన్నంతా మాటల్లో చెప్పే ధ్వని అది. నలభై సినిమాలకీ అదే. ఆర్న్‌ఫిన్ మొహం వేలాడేశాడు. తలా ఒక చురక వేశారు. “కాఫీ తాగుతున్నాడు. సిగ్గుపడుతున్నాడు. ఆయన పేరు ఆర్న్‌ఫిన్” అని ఒకడు ఆ గొంతునే అనుకరించాడు. నిజానికి ఆ గొంతూ ఆర్న్‌ఫిన్ గొంతూ అన్నదమ్ముల్లా ఉన్నాయి.

ట్యాబ్లెట్ మూసెయ్యబోతుంటే వంటగది కిటికీలోంచి గరిటె బయటికొచ్చింది. వెనకాలే వంటవాడు లైడుల్ఫ్ తల.

“ఎవడైనా ఆపాడో, రేపు వాడికి పులుసులో తలకాయలే! ఇరవైరెండేళ్ళుగా మీరు సినిమా చూస్తుంటే నేను అటు తిరిగి బంగాళాదుంపలు చెక్కుతున్నాను. ఇవాళే మొదటిసారి వీపుతో సినిమా చూశాను. ఉత్తరంలో ఏముందో తేలాలి!”

అక్కణ్ణుంచి కథ మారింది. కింద చేపలు కోసే గదిలో నలుగురు మనుషులు గంటల తరబడి కత్తుల మీంచి కళ్ళు తిప్పకుండా నిలబడతారు. వాళ్ళకి ఇంతకన్నా వరం ఏముంది? ఆర్న్‌ఫిన్ ట్యాబ్లెట్‌ని ఇంజను గదిలోని మైకు పెట్టెకి తగిలించి కోతగది స్పీకరులోకి సినిమా వదిలాడు. వారం తిరిగేసరికి చేపలు కోసే వేగం పెరిగింది. ఏడుపు సినిమా వేసిన రోజున చేపలకి ఉప్పు వేరే అక్కర్లేదని జోకు కూడా పుట్టింది.

తొమ్మిదోరోజు మధ్యాహ్నం కోతగదివాళ్ళు ఓడ మునిగే సినిమా కావాలన్నారు. చేపల ఓడలో అలాంటిది వెయ్యకూడదని లైడుల్ఫ్ గొణిగినా వినిపించుకోలేదు. ఆర్న్‌ఫిన్ సినిమా మొదలుపెట్టి, జిడ్డు గ్లవ్‌తో మైకు పెట్టె మీద ఒక మీట నొక్కాడు. చెవులకి రక్షణ మూతలు బిగించుకుని, పంపు కింద తల దూర్చి నట్లు బిగించడంలో మునిగిపోయాడు. ఆ పెట్టెకి మూడు మీటలున్నాయి: డెక్కు, కోతగది, చుక్కాని గది. ఆయన నొక్కింది మూడోది.

పైన జరిగిందంతా తరవాత పదిమందీ పదిసార్లు చెప్పగా ఆయనకి తెలిసింది.

చుక్కాని గదిలో కెప్టెన్ గున్వోర్, సహాయకుడు ఐవిన్ ఉన్నారు. స్పీకరు గరగరలాడింది. నీళ్ళు హోరెత్తిన చప్పుడు, ఇనుము మూలిగిన చప్పుడు. ఆ పైన గొంతు: “యంత్రాల గదిలోకి నీళ్ళు వస్తున్నాయి. మోకాళ్ళ దాకా వచ్చాయి.”

గున్వోర్ మైకు అందుకుంది. “ఆర్న్‌ఫిన్! ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? పైకొచ్చెయ్!”

“ఒక మనిషి పంపు తిప్పడానికి ప్రయత్నిస్తున్నాడు. అది కదలదు.”

“తన గురించే ‘ఒక మనిషి’ అంటున్నాడు” అంది గున్వోర్. “ఐవిన్, వింటున్నావా? ఎంత నిబ్బరం చూడు!”

“కానీ కెప్టెన్, నీళ్ళొస్తే మోగే గంట మోగలేదే?”

“మునిగిన గంట ఎలా మోగుతుందయ్యా!”

గున్వోర్ ఆపదగంట కొట్టింది. ఓడ ముక్కు గాలికి ఎదురుగా తిప్పింది. రేడియోలో సహాయం కోరి, తీరరక్షకులు లోపలి పరిస్థితి నేరుగా వినాలని రేడియో మైకుని స్పీకరు దగ్గర పెట్టి పట్టుకుంది. ఆ గంభీరమైన గొంతు చుట్టుపక్కల నలభై మైళ్ళలో ఉన్న ప్రతి ఓడలోనూ పలికింది: “నీళ్ళు నడుము దాటాయి. ఒక మనిషి తలుపు దగ్గర పడిపోయాడు. అతను ఇక్కడున్నాడని పైన ఎవరికీ తెలియదు.”

“తెలుసు నాయనా, తెలుసు!” అని అరిచింది గున్వోర్. అదీ నలభై మైళ్ళలో వినిపించింది.

రెండున్నర నిమిషాల్లో మిగతావాళ్ళలో ప్రతివాడూ నారింజరంగు నీళ్ళలో తేలే దుస్తుల్లో డెక్కు మీద నిలబడ్డాడు, ఒక్కడు తప్ప. లైడుల్ఫ్ దుస్తులు తొడుక్కోకుండా నడుముకి తాడు కట్టుకుని, “వాడు లేకుండా పడవెక్కేవాణ్ణి నేను కాదు” అని రెండో కొస ఐవిన్ చేతిలో పెట్టి ఇంజను గది మెట్లు దిగాడు. అతనికి ఈత రాదు.

తలుపు తోశాడు. నేల పొడిగా ఉంది. పంపు కింద రెండు బూట్లు కనిపించాయి. లైడుల్ఫ్ ఇంకేమీ చూడలేదు. ఆ బూట్లు పట్టుకుని బరబరా లాగాడు.

“ఒరేయ్, ఏంట్రా ఇది! నట్టు బిగించనీ!” అన్నాడు ఆర్న్‌ఫిన్, చెవి మూతలు తీస్తూ.

“బతికున్నావా!” అంటూ లైడుల్ఫ్ ఆయన్ని కౌగిలించుకుని బావురుమన్నాడు. పక్కన ట్యాబ్లెట్ తన దారిన చెప్పుకుపోతోంది: “ఓడ పక్కకి ఒరుగుతోంది.” ఇద్దరూ దానివైపు చూశారు. తరవాత వెలుగుతున్న మూడో మీట వైపు చూశారు. ఆర్న్‌ఫిన్ సినిమా ఆపి, అదే మైకులో కెప్టెన్‌కి సంగతి చెప్పాడు.

గున్వోర్ వెంటనే రేడియోలో ఉన్నదున్నట్టు చెప్పేసింది: ఓడ క్షేమం, మనుషులు క్షేమం, విన్నది సినిమా, పొరపాటు తనది. అయినా అప్పటికే బయల్దేరిన తీరరక్షక నౌక వచ్చి పక్కన ఆగింది. తోర్మోద్ అనే అధికారి చిన్న పడవలో వచ్చి ఓడెక్కాడు. ఆర్న్‌ఫిన్ టోపీ చేతిలో పట్టుకుని ఎదురెళ్ళాడు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగం ఇవాళ్టితో సరి అని ఆయనకి తేలిపోయింది. అడక్కముందే అంతా ఒప్పుకున్నాడు. మీట సంగతి, రెండో నార్వేజియన్ సంగతి, చివరికి తాళం పగలగొట్టిన సంగతి కూడా.

“డిస్కులు కొన్నవేనా?” అన్నాడు తోర్మోద్.

“అన్నీ కొన్నవే. సొంత వాడకానికే నకలు తీశాను.”

“బాగానే ఉంది. తొంభై ఓడలకి వినిపించావు చూడు, అది సొంతం కిందికి ఎలా వస్తుందో రాయడానికి నా కాగితంలో గడి లేదు.”

గున్వోర్ అడ్డొచ్చింది. “రాసేదేదో నామీద రాయండి. మైకు పట్టుకున్నది నేను.”

“తప్పు నాది, కెప్టెన్” అన్నాడు ఆర్న్‌ఫిన్. “మీరు మెచ్చుకున్న ఆ నిబ్బరం కూడా నాది కాదు. ఎవడో జీతానికి చదివాడు.”

“తెలిసింది. కానీ మునిగిపోతూ కూడా తొణక్కుండా సమాచారం చెప్పే మనిషి ఎవరంటే నాకు నువ్వే తోచావు. ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. అది ఎవడూ చదివి పెట్టింది కాదు కదా!”

ఆర్న్‌ఫిన్ టోపీ నెత్తిన పెట్టుకుని పక్కకి తిరిగాడు. ఇరవైరెండేళ్ళుగా తనని తిట్టే లైడుల్ఫ్, ఈత రాకుండానే దిగినవాడు, పక్కన ముక్కు చీదుకుంటున్నాడు.

తోర్మోద్ గడియారం, కాగితం చూసుకున్నాడు. “రెండున్నర నిమిషాలు! నేను ముందుగా చెప్పి పెట్టించిన రక్షణ విన్యాసాల్లో కూడా ఇంత తొందరగా ఎవరూ తయారవలేదు. ఈ ఏడాది ఈ తీరంలో ఇదే మేలు.” అధికారిగా తిట్టాల్సిన నాలుగు మాటలూ పొడిపొడిగా తిట్టి, అదే నోటితో ఓడలో భద్రత చూసే బాధ్యత ఎవరిదని అడిగాడు. ఎవరిదీ కాదు. గున్వోర్ ఆర్న్‌ఫిన్ వైపు వేలు చూపింది. ఉద్యోగం పోతుందని వణికినవాడికి ఇంకో ఉద్యోగం అంటుకుంది.

అంతలో రేడియో గరగరలాడింది. ఎక్కడో దూరాన ఉన్న పడవలోంచి ఒక ముసలి గొంతు మొహమాటంగా అడిగింది: “సోల్‌హావ్, సోల్‌హావ్. మధ్యలో ఆపేశారు. ఆ తలుపు దగ్గర పడిపోయినతను ఏమయ్యాడమ్మా? ఇక్కడ మావాళ్ళు గాలాలు వదిలేసి కూర్చున్నారు.”

వెనకే ఇంకో ఓడ. “మేమూ వింటున్నాం.” ఇంకో ఓడ. “మేమూ.”

గున్వోర్ మైకుని అరచేత్తో మూసి ఆర్న్‌ఫిన్ వైపు తిరిగింది. “ఏమవుతాడు?”

“పోతాడు, కెప్టెన్.”

ఆవిడ మైకు మీంచి చెయ్యి తీసి, “బతికాడు” అంది.

పదిహేడేళ్ళ కెప్టెన్ ఉద్యోగంలో ఆవిడ రేడియోలో చెప్పిన అబద్ధం అదొక్కటే.