పదమూడేళ్ల మద్దిలేటి

ఎమ్మిగనూరు బస్టాండు ఎదుట బీడీబంకు తలుపు తెరుస్తూ సారమ్మ ఆ సోమవారం పొద్దున ఒక్కటే నిశ్చయించుకుంది. ఈరోజు నుంచి ఆధార్ కార్డు చూడకుండా, దేవుడు దిగివచ్చినా సరే, బీడీ ఇచ్చేది లేదు.

కారణం ఉంది. పోయిన నెల ఒక పిల్లవాడు తాతకని చెప్పి బీడీకట్ట తీసుకుపోతుంటే తనిఖీ అధికారి మధుసూదన్ పట్టుకున్నాడు. ఆ పేటలో తాతలు బీడీల కోసం తమ కాళ్లతో తాము నడిచి ఎన్నాళ్లయిందో! పంపడం వాళ్ల హక్కు, పరుగెత్తడం మనవళ్ల పని. ఆ సంగతి సారమ్మ చెప్పబోతే అధికారి వినలేదు. రెండు వందలు జరిమానా రాశాడు. "నోటిమాటలు నాకొద్దమ్మా. కార్డులో ఎంతుంటే అంతే వయసు. ఇంకోసారి పద్దెనిమిది నిండనివాళ్లకు అమ్మితే బంకే ఎత్తించేస్తా" అన్నాడు. మొగుడు పోయాక ఇద్దరు ఆడపిల్లలను చదివించింది ఆ బంకే. సారమ్మకు ఒళ్లు మండింది. జరిమానా కట్టినందుకు కాదు, నలుగురి ముందు దొంగను చేసినందుకు.

మొదటి బేరం మద్దిలేటి. డెబ్బై దాటిన మనిషి. పత్తిమూటలు మోసి మోసి నడుము వంగిపోయింది. నోట్లో మూడు పళ్లు మిగిలాయి.

"కట్ట ఇయ్యి సారమ్మా."

"కార్డు సూపియ్యన్నా."

"నాకా! నా నెత్తి సూడు, మీసం సూడు!"

"మీసానికి తెల్లరంగు ఏసుకోని వచ్చే పిల్లోళ్లు ఉండొచ్చు. కార్డు తియ్యి."

మద్దిలేటి గొణుక్కుంటూ జేబులోంచి కార్డు తీశాడు. రెండేళ్లుగా పింఛను కోసం తిరుగుతున్నాడు కాబట్టి అది ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. పింఛను ఆఫీసులో "పుట్టిన ఏడు తప్పుంది, ఎవరైనా ఆఫీసరుతో వయసు రాయించుకుని రా" అంటారే తప్ప, ఎంత తప్పుందో ఆ చదువురాని మనిషికి ఎవరూ చెప్పలేదు. రాసిచ్చే ఆఫీసరూ దొరకలేదు. సారమ్మ కళ్లజోడు పెట్టుకుని కార్డు చదివింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివింది.

"అన్నా, నువ్వు పుట్టింది రెండువేల పన్నెండులో."

"ఎవరు సెప్పినారు?"

"కార్డు సెప్తాంది. నీకు పదమూడేండ్లు. బీడీ ఇయ్యను."

"నా మనవరాలికే పదహైదేండ్లు కదమ్మే!"

"ఆ పాప కూడా మూడేండ్లు ఆగల్ల."

మద్దిలేటికి పౌరుషం వచ్చింది. "కట్ట ఇచ్చేదాకా ఈడ్నుంచి లేయను" అని బంకు ముందున్న బల్ల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. బస్సు దిగినవాళ్లు దిగినట్టే ఆగి చూడసాగారు. ఈలోపు కార్డు లేదని సారమ్మ తిప్పి పంపిన ఆరుగురు ముసలాయన పక్షం చేరారు. సుంకప్ప అనే ఆయన "నిన్ననే అల్లునికి కాళ్లు కడిగి వచ్చినా, నన్ను కార్డు అడుగుతాదా!" అని దారినపోయే వాళ్లందరికీ చెప్పుకున్నాడు.

ఆటో నడిపే వీరేష్‌కు ఇదంతా చూసి చిలిపి ఆలోచన పుట్టింది. ఫిర్యాదు నంబరుకు ఫోను కొట్టాడు. "సార్, బస్టాండుకాడ సారమ్మ బంకులో పదమూడేండ్లాయప్ప బీడీలు కావల్లని మొండికేసి కూసున్నాడు" అన్నాడు. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. అదే కొంప ముంచింది.

పావుగంటలో జీపు వచ్చింది. మధుసూదన్ ఇద్దరు సిబ్బందితో దిగాడు. దిగీ దిగగానే, పెన్ను కొనడానికి వచ్చిన అచ్యుత్ అనే బడిపిల్లవాణ్ణి పట్టుకుని నోరు వాసన చూశారు. పొద్దున తిన్న ఉగ్గానిలోని ఉల్లిపాయ తప్ప ఇంకేమీ తగల్లేదు. "పరీక్ష ఉంది సార్!" అని వాడు ఏడుపుముఖంతో బడి వైపు పరుగు తీశాడు.

"మరి పదమూడేళ్లవాడు ఏడీ?" అని అధికారి గద్దించాడు.

గుంపంతా మద్దిలేటిని చూపించింది. మద్దిలేటి మూడు పళ్లూ కనిపించేలా నవ్వాడు.

మధుసూదన్ ముఖం కందిపోయింది. "నాతో పరాచికాలా? ఏమ్మా, ఆ పెద్దాయనకు కట్ట ఇచ్చి పంపించు!"

"ఇయ్యను సార్."

"నేను చెబుతున్నాను కదా!"

"నోటిమాటలు వద్దన్నది మీరే. కార్డులో ఎంతుంటే అంతే వయసన్నదీ మీరే. ఈ పొద్దు నేను ఇస్తా. రేపు ఇదే కార్డు పట్టుకోని నా బంకు ఎత్తిస్తే నేను యాడికి పోవల్ల?" సారమ్మ అంతటితో ఆగలేదు. "ఈయప్పకు డెబ్బై దాటినాయని రాసి, సంతకం పెట్టి, ముద్ర ఏసి ఇయ్యండి. లేదంటే పదమూడేండ్లనైనా రాసియ్యండి, బంకుకు తగిలిస్తా. రెండిట్లో ఒకటి రాసేదాకా జీపు కదలనియ్యను."

అని బంకు దిగి వెళ్లి జీపు ముందు నిలబడింది. మధుసూదన్ చుట్టూ చూశాడు. పది ఫోన్లు ఆయననే చూస్తున్నాయి. పదమూడని రాస్తే కర్నూలు దాకా నవ్వుతారు. పళ్లు నూరుకుంటూ కాగితం తీశాడు. ఈ వ్యక్తిని స్వయంగా చూశాననీ, వయసు డెబ్బై పైబడి ఉంటుందనీ, కార్డులో ఉన్నది పొరపాటనీ రాసి, సంతకం చేసి, ముద్ర వేసి బల్ల మీద పడేశాడు. బంకు ఎత్తించే మాట మాత్రం ఎత్తకుండా జీపెక్కాడు. నెల రోజులుగా సారమ్మ గుండెల్లో ఉన్న బరువు ఆ జీపుతోనే వెళ్లిపోయింది.

ఆమె బంకు ఎక్కి ఒక చేత్తో బీడీకట్ట చాపి, రెండో చేత్తో కాగితం అందుకోబోయింది. మద్దిలేటి ముందే లాక్కున్నాడు. వీరేష్ చేత రెండుసార్లు చదివించుకుని విన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రెండేండ్లు తిరిగినా ఒక్కడూ రాయలేదమ్మే!" అని పింఛను ఆఫీసు వైపు అంగలు వేశాడు.

"కట్ట అన్నా! కట్ట మరిసినావు!"

"నాకొద్దు పో!"

మరుసటి రోజు పొద్దున సారమ్మ వచ్చేసరికి బంకు ముందు పదకొండు మంది ముసలివాళ్లు కార్డులు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. ఒక్కరికీ బీడీలు అక్కరలేదు. "నాకు ఇయ్యనని గెట్టిగా అరుసు సారమ్మా, ఆ సారును పిలిపిస్తాం" అని వరసలో ముందున్న చౌడమ్మ తన కార్డు అందించింది. సారమ్మ కళ్లజోడు పెట్టుకుని చదివింది.

ఆ కార్డు ప్రకారం చౌడమ్మ పుట్టడానికి ఇంకా ఇరవై రెండేళ్లు ఉంది.