ఎక్కుడు దిగుడు సంగ్రామం

ఆదిత్యుడు నడినెత్తి కెక్కి రేకుల కప్పులను పెనములుగా కాల్చుచున్న ఒకానొక సోమవారమున, భూపాలపల్లి పొలిమేరలోని బొగ్గు గోదాము అడుగున నున్న సొరంగపు ద్వారమున, త్రిదినాఖండ కర్ణవిదారక ఘంటానాదమొకటి దిక్కులు పిక్కటిల్లజేయుచుండెను. లోపలి గాలిలో ప్రాణవాయువు తగ్గినచో మోగుమని నియమింపబడిన గ్యాస్ అనలైజర్ చేయు ఆర్భాట మది. చేతిమీటరుతో చూచిన గాలి నిక్షేపముగా నుండెను. అయినను అది మోగుచునే యుండెను.

అంతట నర్మెట్ట దగ్గరి తండాలో పుట్టినదియు, రెండు బస్సులు మారి రెంటను సీటు దొరకక వచ్చినదియు, స్క్రూడ్రైవర్‌ధారిణియు నగు యంత్రవైద్యురాలు జమున రణరంగమున కాలిడెను. చెవులలో దూదిమూటలు దురిమిన సూపర్‌వైజర్ హన్మంతుడు ఆమె కెదురేగి యిట్లనియె.

"జమునా, ఒంటిగంటకు షిఫ్టోళ్లు లోపలికి పోవాలె. గప్పటికి కాకుంటె గా గంట వైరు పీకి పారెయ్. నా తలకాయ పలుగుతున్నది."

జమున చూపు ద్వారము చెంత చీపురుతో కూర్చున్న ద్వాళిపై పడెను. రాలిన బొగ్గును ఊడ్చుటకు అందరికన్న ముందు సొరంగము జొచ్చు ముసలమ్మ యామె.

"వైరు పీకుడు నాతోని కాదన్నా. రేపు నిజంగ గాలి తక్కువైతే గీ అవ్వను బయటికి ఎవలు పిలుస్తరు? గిది ఉండాలె. మోగేటప్పుడే మోగాలె."

ఇట్లు పలికి వీరాంగన యంత్రము మూత తెరచెను. కొలత పరిధి పదిశాతము కడనే ఆగియుండెను. గాలిలో ప్రాణవాయు విరువదికి పైమాటయే గదా, పరిధి మీరినను గంట మోగును. పరిధిని ఇరువదియైదునకు పెంచవలె. నొక్కున కొక పదోవంతు చొప్పున నూటయాబది నొక్కులు. బొటనవ్రేలినే గదగా ధరించి జమున విజృంభించెను. నూటనలుబదవ నొక్కున చెమట వ్రేలు జారి, పక్క మీట తగిలి, లెక్క మొదటికి వచ్చెను. హన్మంతుడు గోడకు తల యానించెను. జమున మరల మొదటినుండి నూటయాబది నొక్కెను.

తెరపై ఇరువది దశాంశము తొమ్మిది వెలసెను. గంట మాత్రము ఆగలేదు. గంట మోగవలసిన హద్దు చూచెను. పందొమ్మిదిన్నర. సరిగానే యున్నది. ఒంటిగంటకు పావుగంటయే మిగిలెను. జమునకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు ద్వాళి, వినవిన విసుగెత్తి, మెల్లగా అడిగెను.

"బిడ్డా, గది గాలి ఎక్కితె మొత్తుకోవాల్నా, దిగితె మొత్తుకోవాల్నా?"

జమున వ్రేలు గాలిలోనే నిలిచిపోయెను. విషవాయువు హద్దు మీదికి ఎక్కిన ముప్పు, ప్రాణవాయువు హద్దు కిందికి దిగిన ముప్పు. పూర్వమెవ్వడో మహానుభావుడు రెంటికిని 'ఎక్కినచో మోగుము' అను ఒకే రాత రాసి పోయినాడు. హద్దును దాటి పైన సుఖముగా నున్న మంచిగాలిని చూచి యంత్రము మూడుదినములుగా లబలబలాడుచున్నది. ఆమె 'ఎక్కుట'ను 'దిగుట'గా మార్చెను. ఒక్క నొక్కు.

నిశ్శబ్దము. హన్మంతుడు దూది పెరికి, చాలు, ఇక మూత పెట్టుమని వేడుకొనెను. ఆమె వినలేదు. ప్రాణవాయువును పలుచన చేసి పరీక్షించుటకై నత్రజని సీసా గొట్టమును యంత్రము ముక్కునకు తగిలించెను. ఇరువది. పందొమ్మిదిన్నర. పందొమ్మిది దశాంశము నాలుగు. గణగణగణ. మూడుదినములు దానిని తిట్టిపోసిన షిఫ్టువారే చప్పట్లు చరచిరి. గొట్టము తీయగా గాలి తిరిగి ఎక్కెను, గంట ఆగెను. ద్వాళి చీపురు చంకనబెట్టుకొని లోపలికి నడచెను.

వినుడు సకల జనులారా. ఒంటిగంటకు అయిదు నిమిషముల ముందు, భూపాలపల్లిలో ఒక గంట మోగవలసినప్పుడు మోగెను, ఊరకుండవలసినప్పుడు ఊరకుండెను.