ఒకే టీవీ, రెండు పెట్టెలు

మా గోడకి అవతల ఉండే ఒరివాల్దో ఇంట్లో టీవీ ఒక్కటే, ఆటల పెట్టెలు మాత్రం రెండు. నల్లది అతనిది, తెల్లది అతని భార్య జురేమాది. ఆ పెట్టెలు చేసే కంపెనీలకి ఒకదానికొకటి పడదని మీకు తెలిసిందే. నల్లపెట్టె సర్వీసులో ఉన్నవాళ్ళు తెల్లపెట్టె సర్వీసులో ఉన్నవాళ్ళతో ఆడలేరు. మొగుడూ పెళ్ళాలైనా సరే, ఆడలేరు.

ఒరివాల్దో నల్లపెట్టెలో ఫుట్‌బాల్ ఆడి రోజూ ఓడిపోయేవాడు. జురేమా తెల్లపెట్టెలో బుల్లికార్ల పందెం ఆడి రోజూ గెలిచేది. కాపరంలో తగువుకి ఇంతకంటే ఏం కావాలి?

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. వాన పడుతున్నంతసేపూ టీవీ జురేమాది, తక్కిన సమయమంతా ఒరివాల్దోది. ఈ షరతు పెట్టిన మహానుభావుడు ఒరివాల్దోయే. అప్పుడు ఆగస్టు నెల, మా బెలేంలో ఎండాకాలం. మధ్యాహ్నం నాలుగు చినుకులు రాలి మళ్ళీ ఎండ వచ్చేసేది.

వాళ్ళమ్మాయి బాప్తిస్మానికి పిల్లని ఎత్తుకున్నది నేనే కాబట్టి మేమిద్దరం ఒకరికొకరం కొంపాద్రిలం. ఆ చుట్టరికం కొద్దీ నా దగ్గరకొచ్చి, "కొంపాద్రీ, అమాయకురాలిని మోసం చేశానేమో, మనసు పీకుతోంది" అని వాపోయాడు కూడా.

తర్వాత జనవరి వచ్చింది, మా ఊరికి వానాకాలం. బెలేంలో పుట్టి, బెలేంలో పెరిగి, జీవితమంతా "వాన వెలిశాక కలుద్దాం" అంటూ బతికిన మనిషి జనవరి సంగతి మర్చిపోయాడు. మధ్యాహ్నం పట్టిన వాన సాయంత్రం దాకా వదిలేది కాదు. గోడకి ఇవతల కూర్చుంటే వాళ్ళ సంభాషణ అంతా వినబడేది.

"తెరిపిచ్చింది, ఇక లే."

"చినుకులు పడుతున్నాయిగా."

"అవి చినుకులు కావే! మామిడిచెట్టు మీంచి రాలుతున్న నీళ్ళు!"

"పైనుంచి పడితే వానే."

"కావాలంటే చెయ్యి బయటపెట్టి చూడు."

"ఇంకోసారి అడిగావంటే నిన్నే బయటపెట్టి చూస్తాను."

ఇలా ఉండగా గుడి తిరునాళ్ళలో బింగో ఆటకి ప్రతి ఇంటివాళ్ళూ ఒక బహుమతి ఇవ్వాలని ఫాదర్ క్లెమెంచినో అడిగాడు. జురేమా అప్పటికప్పుడే తేల్చేసింది. "ఒక ఇంట్లో రెండు పెట్టెలు ఇమడవు. ఒకటి ఫాదర్‌కి ఇచ్చేద్దాం. ఏదన్నది ఆదివారంలోగా చెప్తాను."

ఒరివాల్దో తడుస్తూ పరిగెత్తుకొచ్చాడు. "కొంపాద్రీ, మీ ఇంట్లో తెల్లపెట్టె ఉంది కదూ?"

ఉంది. అది నా భార్య నజిల్డాది. ఆమె, జురేమా గోడకి చెరోవైపు కూర్చుని పందేలు ఆడేవాళ్ళు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూడా గోడ అదిరేలా అరుచుకునేవాళ్ళు. నజిల్డా పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

"పరాయివాడిలా ఆ సర్వీసులోకి వెళ్తా. జురేమా కారుని గుద్దుతా, గోతిలోకి తోస్తా. ఆ పెట్టంటేనే విరక్తి పుట్టిస్తా. నల్లపెట్టె బతుకుతుంది" అన్నాడు.

ఒప్పుకోవాల్సింది కాదు. కానీ ఆ గదిలో మనిషి అలికిడి విని చాలా కాలమైంది. సరే అన్నాను.

తనకి తానే "సావ్ పౌలో సింహం" అని పేరు పెట్టుకున్నాడు. గొంతు తెలియకుండా మైకుకి చేతిరుమాలు చుట్టాడు. సావ్ పౌలో యాస పట్టడానికి ముక్కు కూడా పట్టుకున్నాడు.

వాన మొదలైంది. జురేమా ఆటలోకి వచ్చింది. "ఎవరండీ మీరు?" అంది. గొంతు వణికినట్టనిపించింది. పాత హెడ్‌ఫోన్ కదా, అందుకేమో అనుకున్నాను.

"సావ్ పౌలో నుంచండీ. వ్యాపారస్తుణ్ణి."

"అయ్యో, అంత దూరం నుంచా! రండి, ఆడదాం."

ఇంత మర్యాద ఒరివాల్దో ఎప్పుడూ ఎరగడు. గుద్దడం మర్చిపోయాడు. గోతిలో పడింది కూడా తనే. అవతల జురేమా పకపకా నవ్వింది. ఆట అయ్యాక చూస్తే అతని మొహం మాడిపోయి ఉంది.

"నవ్వింది, కొంపాద్రీ."

"మంచిదేగా."

"ఏం మంచిది? నాతో నవ్వి ఎన్నాళ్ళయింది! ముక్కూ మొహం తెలీనివాడితో నవ్వుతోంది!"

"వాడివి నువ్వే కదయ్యా."

"ఆ సంగతి దానికి తెలీదుగా!"

మర్నాడు జురేమా సింహానికి తన కష్టం చెప్పుకుంది. "మా వంటింటి కప్పు కారుతోందండీ. ఎన్నిసార్లు చెప్పినా మావారు పట్టించుకోరు. మీరైతే ఏం చేస్తారు?"

పరాయి మగవాడి గౌరవం నిలబెట్టాలి కదా. "ఒక్కపూటలో బాగుచేయిస్తానండీ. మీవారు శుద్ధ బద్ధకస్తుడిలా ఉన్నాడు" అన్నాడు ఒరివాల్దో. తెల్లారేసరికి అతను నిచ్చెనెక్కి కప్పు మీద ఉన్నాడు. ఆ మర్నాడు సింహం ఇంకో మాట జారింది. దాంతో అత్తగారింటి కుళాయి కూడా బాగైంది.

శనివారం అసలు విషయం వచ్చింది. "ఒక పెట్టె గుడికి ఇవ్వాలండీ. ఏది ఉంచుకోమంటారు?"

ఒరివాల్దో నాకేసి కన్నుకొట్టాడు. "నల్లదే ఉంచుకోండి. అలాంటి పెట్టె భూమ్మీద లేదు. బంగారం!"

"తెల్లపెట్టెలో ఆడుతూ మీరే అలా అంటున్నారంటే నిజంగానే మంచిదై ఉండాలి."

"ప్రమాణం చేసి చెప్తున్నానండీ."

"మావారు మంచివారేనండీ. కానీ నేనొక తెరకేసి, ఆయనొక తెరకేసి చూస్తూ కూర్చుంటాం. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడం ఎప్పుడు మానేశామో గుర్తు కూడా లేదు."

ఒరివాల్దో ముక్కు మీంచి చెయ్యి తీసేశాడు. మైకు మీది చేతిరుమాలు సర్దాడు. నేను కిటికీ వైపు తిరిగాను.

"పోనీండి. అసాయి పళ్ళ గుజ్జు ఇప్పుడే తెచ్చాను. మీ ఊళ్ళో అందులో పంచదార, అరటిపండు వేసుకుంటారట కదా. బావుంటుందా?"

మా బెలేంలో అసాయిలో పంచదార వెయ్యడం మహాపాపం కింద లెక్క. ఒరివాల్దో శిలువ గుర్తు వేసుకున్నాడు. "ఆ... బావుంటుందండీ."

"అయితే ఈ పూట మావారికి అలాగే చేసిపెడతాను. ఎన్ని చెంచాలు వెయ్యమంటారు?"

"వద్దులెండి."

"పైన తేనె కూడా పోస్తారట?"

"అమ్మా, వద్దండీ."

"ఇదిగో, వేసేస్తున్నా..."

"జురేమా! చెంచా కిందపెట్టు!" ఒరివాల్దో లేచి నిలబడ్డాడు. "అసాయిలో పంచదారేమిటే, బుద్ధుందా? వేయించిన చేప, గుప్పెడు కర్రపెండలం పిండీ ఉంటే చాలదూ! మీ అమ్మ వింటే ప్రాణం తీసుకుంటుంది!"

రెండిళ్ళ కప్పుల మీదా వాన ఒకటే మోత. కాసేపటికి గోడ అవతలి నుంచి మామూలు గొంతు వచ్చింది. "చేప వేగింది. కొంపాద్రిని కూడా తీసుకురా."

వెళ్ళాం. గిన్నెల నిండా ఊదారంగు అసాయి. పంచదార డబ్బా మూత కూడా తియ్యలేదు. ఒరివాల్దో తల ఎత్తకుండా అడిగాడు. "ఎప్పుడు తెలిసింది?"

జురేమా అతనికేసి చూడలేదు, నాకేసి చూసింది. "మొదటిరోజే. ఆ సర్వీసులో పేరు మార్చినా నేస్తాల వరసలో చోటు మారదు. నజిల్డా ఉండే చోట పచ్చదీపం వెలిగింది, కొంపాద్రీ. నా గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే అక్కడ సింహం."

ఒరివాల్దో చెంచా కింద పెట్టేశాడు. "నేను చెరిపేసింది నజిల్డా పేరని తట్టలేదు, కొంపాద్రీ. పేరు మార్చమంటావా అని పెట్టె అడిగితే నొక్కేశాను" అన్నాడు. నాకు కోపం రాలేదు. ఆ దీపం వెలిగినప్పుడు గోడకి అవతల ఉండి చూడలేకపోయానే అని దుఃఖం వచ్చింది.

ఒరివాల్దో తిండి కూడా పూర్తి చెయ్యకుండా లేచి మా ఇంటికి వచ్చాడు. ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ నజిల్డా పేరు మళ్ళీ పెట్టాడు. నేను పక్కనే నిలబడి సరిచూశాను.

తిరిగి వెళ్ళాక గుమ్మంలో నిలబడి నెమ్మదిగా అడిగాడు. "మరి పెట్టె సంగతి?"

"సావ్ పౌలో ఆయన ప్రమాణం చేసి మరీ చెప్పాడుగా, నల్లది బంగారమని" అంది జురేమా. "దేవుడికి ఇచ్చేటప్పుడు మంచిదే ఇవ్వాలి."

తన సాక్ష్యాన్ని తనే కాదనలేక ఒరివాల్దో నల్లపెట్టెని గుడ్డతో తుడిచి ఫాదర్‌కి అప్పగించాడు. ఆదివారం దాన్ని మళ్ళీ గెలుచుకుందామని చేతినిండా బింగో చీట్లు కొన్నాడు. మిక్సీ వచ్చింది. జురేమా చాలా సంతోషించింది.

ఇప్పుడు వాన పట్టగానే వాళ్ళిద్దరూ చెరో కంట్రోలర్ పట్టుకుని ఒకే సోఫాలో కూర్చుంటారు. ఇవతల నేను నజిల్డా పెట్టె ముందు కూర్చుంటాను. "నజిల్డా ఇవాళ మరీ నెమ్మదిగా తోలుతోంది!" అని జురేమా గోడ అదిరేలా అరుస్తుంది. నేనూ అంతకంటే గట్టిగా జవాబిస్తాను.

మొన్న సాయంత్రం ఎండ కూడా వచ్చేసింది. "వాన వెలిసింది, ఇక లేద్దామా?" అంది జురేమా.

ఒరివాల్దో కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూశాడట. "ఇంకా పడుతోంది" అన్నాడు.