పచ్చడి హరలాంపీ గారి ప్రఖ్యాతి

జోర్నిత్సాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: తను చేసిన ఏదో చిన్న పొరపాటు వల్ల ఒక మనిషి ప్రాణం పోతుందని. పొయ్యి ఆర్పిందో లేదో చూడటానికి సగం మెట్లు దిగాక మళ్లీ పైకెక్కేది. బాబు నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. వాడు ఉలిక్కిపడి లేచి గుక్కపెట్టి ఏడిస్తే, హమ్మయ్య అనుకునేది.

"నువ్వు వాణ్ణి బతికించే పనిలో ఇంట్లో ఎవరికీ నిద్రలేకుండా చంపేస్తున్నావు," అనేవాడు భర్త ప్లామెన్.

ఆ మంగళవారం పొద్దున ఆవిడ పెట్టుకున్న పని చాలా చిన్నది. బాబుకు పెరుగు తినిపించాలి. వాడు పడుకోగానే, పచ్చడి హరలాంపీ గారికి ప్రఖ్యాతి ఉందో లేదో తేల్చాలి.

జోర్నిత్సా పదో తరగతి మధ్యలో బడి మానేసి కుట్టుపనికి వెళ్లిన మనిషి. బాబు పుట్టాక ఇంటిపట్టున ఉంటూ, అందరూ కలిసి రాసే ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో చిన్నచిన్న తప్పులు దిద్దడం మొదలుపెట్టింది. అక్కడ ఆవిడకు అన్నిటికన్నా నచ్చిందేమిటంటే, నువ్వెంతవరకు చదివావని ఎవరూ అడగరు. అడిగేది ఒక్కటే, ఆధారం ఏదని. మెల్లగా, ఎవరి గురించి పేజీ ఉండాలి, ఎవరిది తీసెయ్యాలి అనే చర్చల్లో ఆవిడ మాటకూ విలువొచ్చింది. "గౌరవనీయ సహసంపాదకురాలా" అని ఒకాయన సంబోధిస్తే, ఆ ముక్కను ఫోన్లో ఫోటో తీసి పెట్టుకుంది.

హరలాంపీ కోసెవ్ గారి పేజీ ఆ వారం తొలగింపు చర్చలోకి వచ్చింది. మా ద్రెనోవా ఊళ్లో గ్యారేజీ వెనక ఇనప పీపా కోసి పొయ్యి చేసి, దాని మీద ఎర్ర మిరపకాయలు కాల్చి, ల్యూతెనిత్సా పచ్చడిని సీసాల్లో పెట్టి అమ్మడం మొదలుపెట్టింది ఆయనే. ఇప్పుడు దేశమంతా దాన్ని బ్రెడ్డు మీద రాసుకుని తింటోంది. కానీ కంపెనీని ఎప్పుడో పెద్దవాళ్లు కొనేశారు. సీసా మీద తలకు గుడ్డ కట్టుకుని నవ్వుతున్న ఒక ముసలమ్మ బొమ్మ వేశారు. అలాంటి ముసలమ్మ ఎక్కడా లేదు. అయినా పిల్లలందరూ పచ్చడి ఆవిడే కనిపెట్టిందనుకుంటున్నారు.

"ఆ ముసల్ది ఎవతో నాకు తెలీదమ్మాయ్," అన్నాడాయన ఒకరోజు బేకరీ ముందు కనిపించి. "నేను మొదలెట్టానని ఎక్కడో ఒకచోట రాసుండాలి కదా. నేను పోయాక ఎవడు చెప్తాడు?"

చర్చలో అవతలి పక్కన ఉన్నది ముళ్లపంది అనే మారుపేరుతో రాసే పెద్దమనిషి. రాజధాని సోఫియాలో ఉంటాడని అంటారు. ఆయన రాసింది సూటిగా ఉంది: "ఈ వ్యాపారితో ఏ సంబంధమూ లేనివాళ్లు, ఆయన గురించి పొడుగ్గా, అచ్చులో రాసినవి చూపించండి. లేకపోతే ఆదివారం తీసేద్దాం."

ముళ్లపంది చెప్పింది న్యాయమే. పాత రోజుల్లో జిల్లా పేపరులో హరలాంపీ గారి గురించి వ్యాసాలు వచ్చాయి, కానీ అవి ఇంటర్నెట్‌లో లేవు. అయితే ద్రెనోవాలో ఎవరూ పాత పేపరు పారెయ్యరు. సీసాల అల్మరాలో పరుస్తారు, ఆపిల్ పళ్లు చుడతారు. అడిగితే ఎవరింట్లోనో దొరక్కపోదు. జోర్నిత్సా కూర్చుని ఒక కాగితం తయారుచేసింది. పైన ఆయన ఫోటో, కింద "మనందరికీ తెలిసిన హరలాంపీ కోసెవ్" అని పేరు, పుట్టిన సంవత్సరం, ఆయన చేసిన మంచి పనులు. అట్టడుగున చిన్న అక్షరాల్లో, "ఆయన గురించి మీరు దాచుకున్నవి ఏమైనా ఉంటే జోర్నిత్సా ఇంటికి తెచ్చి ఇవ్వగలరు."

కాపీలు తీసే షాపు ఊళ్లో ఒక్కటే. దాన్ని నడిపే వేస్కాకు కాగితం మెయిల్లో పంపి ఫోన్ చేసింది.

"కాస్త నీట్‌గా వస్తుందా వేస్కా?"

"నాకు చెప్పాలా అక్కా! రోజూ చేసే పనే కదా. అయ్యో, ఈయనా? మంచి మనిషి."

"అవును, చాలా మంచి మనిషి," అంది జోర్నిత్సా.

వేస్కా రోజూ చేసే పని ఏమిటో ఊళ్లో అందరికీ తెలుసు. ఎవరైనా పోతే ఫోటో, పేరు, నాలుగు మంచి మాటలు వేసి కాగితాలు తీయిస్తారు, గేటుకూ చెట్టుకూ చర్చి తలుపుకూ అంటిస్తారు. వేస్కా సగం సంపాదన వాటి మీదే. కాబట్టి ఆ అమ్మాయి ఫోటోను నలుపు తెలుపు చేసింది, చుట్టూ నల్ల గీత వేసింది, పేరుకు ముందు ఒక సిలువ పెట్టింది. అభిమానం కొద్దీ, సిలువకు డబ్బులు వేసుకోలేదు.

జోర్నిత్సా స్వయంగా వెళ్లి తెచ్చుకుని ఉంటే అక్కడే తెలిసిపోయేది. కానీ బాబుకు పన్ను వస్తోంది, ఒళ్లు వెచ్చగా ఉంది. కింది అంతస్తు స్తోయ్‌నా పిన్ని సంచీ పట్టుకుని బజారుకు వెళ్తూ కనిపించింది.

"పిన్నీ, వేస్కా దగ్గర నా కాగితాలున్నాయి. తీసుకుని నాలుగుచోట్ల అంటిస్తావా? వీడికి బాలేదు."

"జ్వరమా?"

"లేదు, పన్ను. ఏం, జ్వరంలా ఉందా? నీకలా అనిపిస్తోందా?"

"నాకేం అనిపించట్లేదే తల్లీ," అని పిన్ని పారిపోయింది.

స్తోయ్‌నా పిన్ని కళ్లజోడు ఇంట్లో పెట్టి వెళ్లింది. అది లేకుండానే ఆవిడకు నల్ల గీత కనబడింది, మధ్యలో హరలాంపీ కనబడ్డాడు. షాపులోనే కూర్చుని ఏడ్చింది. తర్వాత కన్నీళ్లు తుడుచుకుని, నాలుగుచోట్ల అంటించమంటే ఊరంతా అంటించింది. చర్చి తలుపుకు, సాంస్కృతిక భవనానికి, బస్టాండులో వరసగా, చివరికి హరలాంపీ గారి సొంత గేటుకు.

మొదటి బెల్లు మోగేసరికి జోర్నిత్సా సంబరపడింది. తలుపు తీస్తే, ఒకప్పుడు కంపెనీ లారీ తోలిన మెతోదీ టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. రెండో చేతిలో కార్నేషన్ పూలు. రెండు.

బతికున్నవాళ్లకు బేసి పూలు ఇస్తారు, పోయినవాళ్లకు సరి. జోర్నిత్సా ఆ రెండు పూలను చూసి, ఒక్క మాటా అడక్కుండా లోపలికి పరుగెత్తి బాబు ముక్కు దగ్గర వేలు పెట్టింది. వాడు లేచి అరిచాడు. హమ్మయ్య అనుకుంటూ తిరిగొచ్చింది.

"ఇవెవరికి మెతోదీ మామా?"

"ఇంకెవరికమ్మా, మా ముసలాయనకి. ఇక్కడికే తెమ్మని రాశావు కదా."

అతని వెనక మెట్ల మీద ఇంకా జనం ఉన్నారు. ఫ్యాక్టరీ ఆడవాళ్లు పూలదండ మోసుకొస్తున్నారు. ఎవరో గిన్నెలో పోయినవాళ్ల పేరు మీద పంచే ఉడకబెట్టిన గోధుమలు తెచ్చారు. మెతోదీ జేబులోంచి కాగితం మడత విప్పి చూపించాడు. జోర్నిత్సా నల్ల గీత చూసింది, సిలువ చూసింది.

హరలాంపీ గారు వెలింగ్రాద్‌లో వేడినీళ్ల ఊటల్లో స్నానాలకు వెళ్లాడు. గుండెలో స్టెంట్ వేశాక డాక్టరు ఒత్తిడి వద్దన్నాడని ఫోన్ ఆపేసుకున్నాడు. మధ్యాహ్నం బస్సులో దిగుతాడు. దిగగానే బస్టాండులో వరసగా తన చావు కాగితాలు కనబడతాయి. ఆ గుండె అక్కడే ఆగిపోతుంది. చంపింది ఎవరంటే, అడుగున పేరూ రాసే ఉంది.

బాబును బండిలో వేసుకుని పరుగెత్తింది. చర్చి తలుపు మీదది చింపింది. బస్టాండుకొచ్చి మొదటిది చింపగానే బెంచీ మీద ముసలమ్మలు లేచారు.

"ఒసేయ్, దేవుడి భయం లేదూ? పోయినవాడి కాగితం చింపుతావా?"

"పోలేదండీ! ఆయన బతికే ఉన్నాడు!"

ముసలమ్మలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కోపమంతా కరిగిపోయింది. "పాపం, పాలిచ్చే తల్లి. తట్టుకోలేకపోతోంది," అంది ఒకామె. ఇంకొకామె సంచీలోంచి రకియా సారా సీసా తీసి, "ఒక్క గుక్క వెయ్యమ్మా, మా ఆయన పోయినప్పుడు నేనూ ఇలాగే అన్నాను," అంది.

ఈ వార్త విని వచ్చిన జిల్లా పేపరు విలేఖరి అప్పుడే కారు దిగాడు. ఏడుస్తూ కాగితాలు చింపుతున్న అమ్మాయిని చూసి నేరుగా దగ్గరికొచ్చాడు.

"మీరు ఆయనకు ఏమవుతారమ్మా?"

"ఏమీ కాను! ఏ సంబంధమూ లేదు! అసలు బాధంతా అదే కదా, సంబంధం లేనివాళ్లే కావాలి!"

అతను రాసుకున్నాడు: ఏ సంబంధమూ లేని పసిబిడ్డల తల్లులు సైతం వీధిన పడి రోదించారు.

అతని కారు మలుపు తిరిగిందో లేదో బస్సు వచ్చేసింది. హరలాంపీ గారు ఎర్రగా, నిగనిగలాడుతూ, చేతిలో ఊట నీళ్ల క్యానుతో దిగాడు. ఒక ముసలమ్మ కెవ్వున అరిచింది. రకియా సీసా కింద పడి పగిలింది. డ్రైవరు సిలువ గీసుకుని తలుపు మూసేశాడు. హరలాంపీ గారు అందరినీ చూసి, వాళ్లు చూస్తున్న గోడ వైపు తిరిగి, కాగితం ముందు ఆగాడు. చెయ్యి మెల్లగా గుండె మీదికి వెళ్లింది.

జోర్నిత్సా కళ్లు మూసుకుంది.

ఆయన పైజేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. తీరిగ్గా అంతా చదివాడు.

"ఎవతే ఈ ఫోటో వేసింది? పళ్లు కట్టించుకోక ముందుది!"

"నేనే బాబాయ్," అంది జోర్నిత్సా. "చావు కాగితం కాదు. పాత పేపర్ల కోసం. నన్ను క్షమించు. కూర్చో, కూర్చో, గుండె ఎలా ఉంది?"

"గుండెకేమే, నిన్ననే డాక్టరు గుర్రంలా ఉందన్నాడు. 'ఒంటి చేత్తో పొయ్యి వెలిగించి ఊరికి పని చూపించారు'. బాగుందే! ఇది నువ్వే రాశావా? ఎంతవరకు చదివావు?"

"పది కూడా పూర్తి కాలేదు బాబాయ్."

"అయితే నయం. ఇంకా చదివుంటే పాడుచేసేదానివి."

ఆ సాయంత్రం ఆయన తన గేటు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వచ్చిన దండలన్నీ చుట్టూ పెట్టించుకుని, ఎవరు పంపారో రిబ్బన్లు చదివించుకున్నాడు. మేయరు పంపిన దండ చిన్నదని కాస్త నొచ్చుకున్నాడు. తన ఆత్మశాంతి కోసం ఉడకబెట్టిన గోధుమలు రెండు చెంచాలు తిని, "పంచదార తక్కువైంది. ఎవరు చేశారు?" అన్నాడు.

"నేనే," అంది స్తోయ్‌నా పిన్ని. "నువ్వు పోయావన్న కంగారులో చేశాను. బతికుంటావని తెలిస్తే ఇంకాస్త వేసేదాన్ని."

మర్నాడు జిల్లా పేపరులో హరలాంపీ గారి గురించి నిండు పేజీ వచ్చింది. విలేఖరి బస్సు రాకముందే వార్త పంపేసి, భోజనానికి వెళ్లిపోయాడు. పీపా పొయ్యి, గ్యారేజీ, ఆయన పని నేర్పిన ఆడవాళ్లు, అన్నీ ఉన్నాయి. దాన్ని చూసి సోఫియా పేపరు ఒకటి తన మనిషిని పంపకుండానే అంతకన్నా పొడుగ్గా రాసింది. తర్వాత రెండు పేపర్లూ వాతావరణం పక్కన ఒక్కో వాక్యం వేశాయి, ఆయన బతికే ఉన్నట్టు తెలిసిందని.

ఆదివారం ముళ్లపంది తీర్పు చెప్పాడు. "సంబంధం లేనివాళ్లు రాశారు, పొడుగ్గా రాశారు, అచ్చులో రాశారు. ప్రఖ్యాతి రుజువైంది. పేజీ ఉంచాలి. మరణించిన తేదీ చేర్చాను."

జోర్నిత్సా టకటకా కొట్టింది: "ఆయన మరణించలేదు!"

"ఆధారం?"

"నేను కళ్లారా చూశాను. రోజూ చూస్తున్నాను."

"గౌరవనీయ సహసంపాదకురాలా, సొంతంగా చూసినవి చెల్లవని మీకు తెలుసు."

"పేపర్లో సవరణ వచ్చింది కదా?"

"ఒక్క వాక్యం. చచ్చాడని రెండు పేజీలున్నాయి."

ఫోన్ పట్టుకుని హరలాంపీ గారి దగ్గరికి పరుగెత్తి చూపించింది. ఆయన పేజీని పైనుంచి కిందికి చదివాడు, మళ్లీ చదివాడు. "స్థాపకుడు. చూశావా, స్థాపకుడు! ముసలమ్మ ఊసే లేదు."

"బాబాయ్, పక్కన పోయిన తేదీ ఉంది."

"ఉండనీవే. తేదీ ఒక్కటే కదా తప్పు, మిగతాదంతా నిజమేగా."

ఆయనకు నిద్ర బాగానే పడుతోంది. జోర్నిత్సాకే పట్టడం లేదు. తను భయపడినంతా జరిగి, అచ్చయి, అందరూ చదువుకునేలా అక్కడ ఉండిపోయింది. పొద్దున్నే ఏదో వంకన వెళ్లి ఆయన గేటు తడుతోంది. ఆయన వచ్చి తలుపు తీస్తే ఆ రోజుకు కుదుటపడుతోంది. కానీ ఆవిడ మాట చెల్లదు. ఈ ఊరివాళ్లం మేమెవరం చెప్పినా చెల్లదు, అందరం ఆయన చేతి పచ్చడి తిన్నవాళ్లమే.

అందుకని మీలో ఎవరైనా ద్రెనోవా మీదుగా వెళ్తే, బస్సు దిగి, మిల్లు వీధిలో ఆకుపచ్చ గేటు ఒకసారి తట్టండి. ఆయన వచ్చి తీస్తే, తీశాడని ఏదైనా పేపర్లో కాస్త పొడుగ్గా రాయండి. కొంచెం తొందరగా వెళ్లండి, ఆయనకు ఎనభై దాటాయి.