చేపల నీరసం మందు

ఆ సోమవారం పొద్దున నరసింహమూర్తి పెట్టుకున్న పని ఒక్కటే. గణపవరంలో చేపల చెరువులకు మేత అమ్మే తన తవుడు కొట్టు తెరిచి, ఫ్లాస్కులో తెచ్చుకున్న పాలలో చెంచాడు అశ్వగంధ చూర్ణం కలుపుకుని తాగాలి. యాభై ఏళ్లకే నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే కంటికి కునుకు రాని దిగులు. ఏలూరు వైద్యుడు చూర్ణం ఇస్తూ, "ఇది కాఫీ కాదండీ, తాగగానే హుషారెక్కడానికి. నలభై రోజులు వాడితే దిగులు తగ్గొచ్చు, ఓపిక రావొచ్చు," అన్నాడు. భార్య ఇందుమతి అంత మెత్తగా చెప్పలేదు. మందు మానినట్టు తెలిసిందా, కొట్టు తాళాలు తన తమ్ముడు నరేంద్ర చేతిలో పెడతానంది. పాతికేళ్లుగా ఆ తాళాలు మూర్తి మొలతాడుకే ఉన్నాయి. ఒకరికిచ్చే ఉద్దేశం ఆయనకు లేదు.

మగవాడు అశ్వగంధ తాగుతున్నాడంటే ఊళ్లో దానికి ఒకటే అర్థం. అందుకని చూర్ణాన్ని ఖాళీ అయిన చేపల మందు డబ్బాలో పోసి కొట్లో దాచాడు. మూత తీశాడో లేదో, చెరువుల పాండురంగారావు తవుడు బస్తాల కోసం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"కొత్త మందా అండీ మూర్తిగారూ?"

"చేపలకండీ. నీరసానికి," అన్నాడు మూర్తి, నోటికేదొస్తే అది.

పాండురంగారావు చెరువులో చేపలు రెండు రోజులుగా మేత ముట్టడం లేదు. ఆయన డబ్బా పట్టుకుపోయి, తవుడులో కలిపి, కన్నాల సంచులకెత్తి, చెరువులో పాతిన కర్రలకు కట్టించాడు. మధ్యాహ్నం మబ్బు విడి గాలి తిరిగింది. గాలి తిరిగితే చేప మేతకు రావడం మామూలే. కానీ గాలిని మెచ్చుకునేదెవరు? సాయంత్రానికి సంచులు ఖాళీ.

మంగళవారం ఆ మందు కోసం కొట్టు మెట్ల మీద పదకొండు మంది చేపల రైతులు. లేదంటే అయినవాళ్లకు దాచాడంటారు, నిజం చెబితే నవ్వుతారు. మూర్తి బస్సెక్కి ఏలూరు వెళ్లి నాలుగు కిలోలు అడిగాడు. వైద్యుడు కళ్లద్దాల మీదుగా చూసి, "ఈ వయసులో అంత తొందర పనికిరాదండీ," అన్నాడు. తెచ్చింది తెచ్చినట్టు మెట్ల మీదే అయిపోయింది. బుధవారం మళ్లీ బస్సు. గురువారానికి ఏలూరులో చూర్ణం దొరక్క తాడేపల్లిగూడెం పోయాడు. దిగులు తగ్గించే మందు కోసం తిరిగి తిరిగి ఆయన కళ్లు గుంటలు పడ్డాయి. రోజూ ఇందుమతి మందు తాగారా అని అడిగేది. తాగానే అనేవాడు. పాలు తాగాడు కాబట్టి అది సగం నిజం.

ఆదివారం పాండురంగారావు రెండు కిలోల శీలావతి చేపను చేతబట్టుకుని ఏకంగా ఇంటికే వచ్చాడు. మూడు తరాలుగా నీచు గుమ్మం దాటని ఇల్లది.

"మూర్తిగారి చలవేనమ్మా ఇది. గుర్రం వాసనొచ్చే ఆ పొడి తిని ఎలా పుంజుకుందో చూడండి."

ఆ వాసన ఇందుమతికి తెలుసు. "ఈయన ఒక్క చెంచా అయినా తాగారాండీ?"

"ఆయనకెందుకమ్మా? చేపల మందు కదా."

ఇందుమతి ఒక చేత్తో పమిట ముక్కుకు అడ్డం పెట్టుకుని, రెండో చెయ్యి మొగుడి ముందు చాపింది. మూర్తి మొలతాడు నుంచి తాళాలు విప్పి ఇచ్చాడు.

సోమవారం నరేంద్ర కొట్టు తెరిచేసరికి మెట్ల మీద పద్నాలుగు మంది ఉన్నారు. మూర్తి మాత్రం, పాతికేళ్లలో మొదటిసారి, పది గంటలదాకా ఒళ్లెరగకుండా నిద్రపోయాడు. మందు మంచిదేననాలి, నలభై రోజులు కూడా పట్టలేదు.