వెంకటప్పయ్యగారి వ్యూహం

డెబ్భై మూడు జనవరిలో విజయవాడను జయించడానికి మంత్రి వెంకటప్పయ్యగారు స్వయంగా వేంచేశారు. ఊరు ఆయనదే. కాకపోతే ప్రత్యేకాంధ్ర కావాలని జనం రోడ్డెక్కినప్పటినుంచీ, రాజీనామా చేయని మంత్రి ఎవరైనా ఈ ఊళ్లో దిగాలంటే వెంట పటాలం ఉండాల్సి వచ్చేది.

దిగీ దిగగానే గెస్టుహౌసుకు మా విలేకరులందరినీ పిలిపించారు.

"ప్రజాస్వామ్యంలో సైన్యం ప్రజాప్రతినిధి చెప్పినట్టు నడుచుకోవాలి. ఇకనుంచి ఇక్కడ వ్యూహం నాది," అని ప్రకటించారు.

మేం భక్తిగా రాసుకున్నాం. అంతకుముందు ఆయన చేసిన యుద్ధం మునిసిపల్ ఎన్నిక ఒక్కటే. అందులో గెలిచారు కూడా.

పటాలానికి అధికారి మేజర్ ఇశ్రాయేలు. మైలవరం దగ్గర పల్లె ఆయనది. ఏడాది కిందటే సరిహద్దులో నిజం యుద్ధం చేసి వచ్చారు. అందువల్లనేమో, వ్యూహం విషయంలో ఆయనకు కొంచెం చాదస్తం ఉండేది.

"ఏం చెయ్యాలో మీరు చెప్పండి సార్. ఎలా చెయ్యాలో నాకు వదిలెయ్యండి. ఇక్కడ శత్రువులెవరూ లేరండి. ఆసుపత్రి రోడ్డు తెరిచి ఉంచి, పాలబళ్లను తిరగనిస్తే జనం వాళ్లే చల్లబడతారు," అన్నారాయన.

"ఎలా అన్నదీ నాదేనయ్యా. డెమోక్రసీ అంటే అదే," అన్నారు మంత్రిగారు.

గోడకు ఊరి పటం తగిలించి, ఎర్ర పెన్సిలుతో కాలవలన్నీ దిద్దారు. ఆసుపత్రి రోడ్డులో ఉన్న జవాన్లను తీసి తన బావమరిది సినిమాహాలు చుట్టూ నిలబెట్టించారు. అది కీలక స్థావరమట. ఊరంతా కర్ఫ్యూ పెట్టించి, కాలవ వంతెనలన్నీ మూయించి, తన అనుమతి లేనిదే తెరవకూడదన్నారు.

ఆ మధ్యాహ్నం ఛాయాదేవి అనే ఆవిడ నొప్పులు పడుతూ రిక్షాలో వంతెన దాకా వచ్చింది. మంత్రిగారు భోంచేసి నిద్రపోతున్నారు. మేజరుగారు గెస్టుహౌసుకు వెళ్లి, తలుపు బాది, లేపి, అనుమతి తీసుకొచ్చేసరికి బిడ్డ రిక్షాలోనే పుట్టి, రిక్షాలోనే పోయింది.

మంత్రిగారు ఎంతో చలించిపోయారు. కర్ఫ్యూ వేళల్లో ప్రసవాలు వాయిదా వేసుకోవలసిందిగా మహిళాలోకానికి పత్రికాముఖంగా విజ్ఞప్తి చేశారు.

వారం తిరక్కుండానే విజయం ప్రకటించడానికి మైదానంలో బహిరంగసభ పెట్టారు. కర్ఫ్యూ ఎత్తేస్తే జనం రాళ్లతో వస్తారు. ఎత్తకపోతే అసలు జనమే రారు. మంత్రిగారు పూటంతా ఆలోచించి ఈ చిక్కు విప్పారు. జవాన్లచేత తుపాకులు గెస్టుహౌసులో పెట్టించి, పంచెలు కట్టించి, వాళ్లనే మైదానంలో కూర్చోబెట్టమన్నారు.

"ఇది ఆర్డరా సార్?" అని అడిగారు మేజరుగారు.

"వ్యూహం," అన్నారు మంత్రిగారు.

సభ బ్రహ్మాండంగా జరిగింది. జవాన్లలో ఒక్కరికీ తెలుగు రాదు కాబట్టి ఉపన్యాసానికి ఎవరూ అడ్డు తగల్లేదు. ప్రజలు తన వెంటే ఉన్నారని మంత్రిగారు గొంతు బొంగురుపోయేదాకా చెప్పి, చివర్లో "జై హింద్" అన్నారు.

అంతసేపటికి అర్థమయ్యే మాట చెవిన పడింది. పంచెలు కట్టిన పటాలమంతా ఒక్కసారిగా లేచి నిలబడి, మైదానం దద్దరిల్లేలా "జై హింద్" అని గర్జించింది.

మంత్రిగారు బల్లకింద దూరారు. నెలల తరబడి ఆయన జనం అరుపు విన్నప్పుడల్లా వెనకాలే రాయి వచ్చేది మరి.

"కాల్చండి," అని అక్కడినుంచే ఆజ్ఞాపించారు.

మేజరుగారు అటెన్షన్‌లోంచి కదిలి, బల్లకిందకు వంగి, ఎప్పటిలాగే మర్యాదగా అడిగారు:

"ఎవరిచేత కాల్పించమంటారండి?"