ఐదు కిలోల అశ్రునివాళి

ఆ రోజు ఉదయం ప్రూఫురీడరు వేసుకున్న పథకం చాలా చిన్నది. మామూలుగా ప్రెస్సుకు వెళ్ళాలి, ప్రూఫులు దిద్దాలి, సాయంత్రం పెందలాడే ఇంటికొచ్చి మామగారి పక్కన ఏమీ ఎరగనివాడిలా కూర్చోవాలి. అంతే. కానీ ముందురోజే అతను ఇన్‌స్పెక్టర్ గారిని పోగొట్టుకున్నాడు. అలాంటి స్థితిలో ఉన్న మనిషి ఏ పథకమూ వేసుకోకూడదు.

పోయింది టీవీలో ఇన్‌స్పెక్టరు. వారానికొకసారి వచ్చే నేరపరిశోధన సీరియల్లో మూడు సీజన్లుగా హంతకుల్ని పట్టుకుంటూ వచ్చిన మనిషి. సీజన్ ఆఖరి భాగంలో, ఒక పాత గిడ్డంగిలో, ఆయన చేతికింద పెరిగిన అసిస్టెంటే వెనకనుంచి తూకంరాయితో తలమీద కొట్టాడు. ఇన్‌స్పెక్టరు వెనక్కి తిరిగి చూసి "నువ్వా?" అన్నాడు. కూలిపోయాడు. తెరమీద పేర్లు వచ్చాయి. ఆ పేర్లన్నీ పోయాక, వాటి తర్వాత వచ్చిన సబ్బు ప్రకటన కూడా పోయాక గానీ ప్రూఫురీడరు కుర్చీలోంచి లేవలేదు.

పొద్దున్న స్నానమైతే చేశాడు గానీ గడ్డం గీసుకోవడానికి చేతులు రాలేదు. "ఒంట్లో బాగాలేదాండీ?" అని భార్య అడిగితే "బాగానే ఉంది" అన్నాడు, బాగాలేనివాడి గొంతుతో. తుపాకులు మోగే చోట ఆమె కూర్చోదు. సీరియల్ మొదలయ్యే వేళకు లోపలిగదిలోకి వెళ్ళి తలుపేసుకుంటుంది. కనుక ఇంట్లో జరిగిన ఘోరం ఆమెకు తెలియదు. చెబుదామని అతను నోరు తెరుస్తుండగా ఫోను మోగింది.

అక్కగారిని చూడటానికి ఊరెళ్ళిన మామగారు అవతల ఉన్నారు. "అల్లుడూ, రాత్రి అక్కయ్య ఇంట్లో టీవీ రాలేదు. నేను చూడలేదు. సాయంత్రం ఆరింటికి మళ్ళీ వేస్తారట. ఆ వేళకి వచ్చేస్తా, కలిసి చూద్దాం."

"అలాగే మామయ్యగారూ."

"ఈలోగా ఒక్క ముక్క నా చెవిన పడిందా, ఇక ఈ జన్మలో నీతో కూర్చుని టీవీ చూసేది లేదు. అమ్మాయికి కూడా చెప్పకు. దాని నోట్లో నువ్వుగింజ నానదు."

ఆయన గొంతు కాస్త బొంగురుగా ఉంది. పాపం, మంచుగాలేమో అనుకున్నాడు ప్రూఫురీడరు. అనుకుని, ప్రాణం పోయినా చెప్పనని మాటిచ్చాడు.

ఆ మాట ఎంత బరువైనదో తెలియాలంటే మామగారి సంగతి తెలియాలి. ఆయన కూడా ఇన్‌స్పెక్టరే, కాకపోతే తూనికలు కొలతల శాఖలో. ఉద్యోగమున్నన్నాళ్ళూ కొట్ల వెంట తిరిగి తక్కెళ్ళూ రాళ్ళూ పరీక్షించారు. రిటైరయ్యాక కూడా అందరూ ఆయన్ని ఇన్‌స్పెక్టర్ గారనే అంటారు. అసలు పేరు కూతురి శుభలేఖ మీద తప్ప ఎవరూ చదివి ఎరగరు. కూతురు కూరగాయలు తెస్తే సంచి చేత్తో ఎత్తి చూసి "మోసపోయావమ్మా" అంటారు. పెళ్ళయిన కొత్తలో అల్లుణ్ణి కూడా అలాగే మనసులో ఎత్తి చూశారు. అతను తక్కువ తూగాడు.

ఆ తర్వాత చాలాకాలం ఇద్దరి మధ్యా "భోంచేశారా", "ఆఁ" తప్ప మాటల్లేవు. ఒకరోజు వాన పడుతుంటే ఎటూ పోలేక ఇద్దరూ ఒకే గదిలో చిక్కుకుపోయి ఆ సీరియల్ చూశారు. "హంతకుడు ఆ డాక్టరే" అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు. మామగారు తల తిప్పి అల్లుణ్ణి మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. ఆనాటినుంచి వారానికొక సాయంత్రం వాళ్ళిద్దరూ మామా అల్లుళ్ళు. తండ్రి లేకుండా పెరిగిన ప్రూఫురీడరుకు ఆ ఒక్క సాయంత్రం ఎంత విలువైనదో అతను ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా అది నిజమే.

ప్రెస్సులో ఫోర్‌మన్ అతని ముఖం చూడగానే పని ఆపాడు. శుభలేఖలూ సంతాప పోస్టర్లూ అచ్చువేసే ప్రెస్సు అది. ఏడుస్తూ వచ్చేవాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ ఫోర్‌మన్ ఒక నియమం పెట్టుకున్నాడు. దుఃఖంలో ఉన్నవాళ్ళను ఒక ప్రశ్న అడగవచ్చు, రెండోది అడగకూడదు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకుని కంపోజు చేయాలి. ఇక టీవీ అంటావా, అతను వార్తలు తప్ప చూడడు, అవి కూడా నమ్మడు.

"ఏమైంది బాబూ?" అన్నాడు. అదే ఆ ఒక్క ప్రశ్న.

ఉదయం నుంచీ బిగబట్టుకున్నది ప్రూఫురీడరు నోటినుంచి జారిపోయింది. "ఇన్‌స్పెక్టర్ గారు పోయారండీ."

ఫోర్‌మన్ కళ్ళద్దాలు తీశాడు.

"ఇంట్లో వాళ్ళకింకా తెలీదండీ. సాయంత్రం దాకా తెలియకూడదు. దయచేసి మీరెవరూ చెప్పకండి. మాటిచ్చాను."

ఇంతకంటే నిబ్బరమైన మనిషిని ఫోర్‌మన్ ఎప్పుడూ చూడలేదు. మామగారు అక్కగారి ఊరెళ్ళారని నిన్న అల్లుడే చెప్పాడు. ఊరుగాని ఊళ్ళో ఆయన పోతే, శవం వచ్చేదాకా భార్యకు తెలియకుండా అంతా కడుపులో పెట్టుకుని, పనికి కూడా వచ్చాడు. అతని భుజం తట్టి, లోపలికి పంపి, వెంటనే యజమాని దగ్గరికి పరుగెత్తాడు. కాగితం ఖర్చు ప్రెస్సుదేనని యజమాని అక్కడికక్కడే అన్నాడు. మామగారి రిటైర్మెంటు సన్మానపత్రం అచ్చువేసింది కూడా ఆ ప్రెస్సే, కనుక ఫోటో కంప్యూటర్లో సిద్ధంగా ఉంది.

అయితే ఒక చిక్కు వచ్చింది. ప్రూఫురీడరు సంతకం లేనిదే ఏ కాగితమూ మిషనెక్కకూడదని యజమాని శాసనం. ఒకసారి ఒక శుభలేఖలో వరుడి పేరు ఉండాల్సిన చోట పెళ్ళికొడుకు తమ్ముడి పేరు పడ్డప్పటినుంచీ ఆ శాసనానికి మినహాయింపు లేదు. ఫోర్‌మన్ చాలాసేపు తటపటాయించి, ఇంకా ఫోటో పెట్టని ప్రూఫు తీసుకుని లోపలికి వెళ్ళాడు.

"బాబూ, ఇది నీచేత దిద్దించడం పాపమే. కానీ ఇంకొకరు దిద్దితే తప్పులొస్తాయి. ఆయనకి తప్పులు గిట్టవు కదా."

ప్రూఫురీడరు చదివాడు. 'నిజాయితీకి మారుపేరైన మా ఇన్‌స్పెక్టర్ గారికి కన్నీటి నివాళి.' ఎర్రపెన్ను మూత తీసినవాడు మళ్ళీ మొదటినుంచి చదివాడు. ఇన్నాళ్ళూ ఈ ప్రెస్సులో తనొక్కడే అభిమాని అనుకున్నాడు.

"మీరు కూడా ఆయన్ని..."

"ఆయనంటే గౌరవం లేనిదెవరికయ్యా?" అన్నాడు ఫోర్‌మన్ గద్గదంగా. "నువ్వేమైనా రెండు ముక్కలు చేర్చాలంటే చేర్చు. నీకు తెలిసినట్టు మాకు తెలీదుగా."

రెండు ముక్కలతో ఆగలేదు. కంటికి నీరు అడ్డం పడుతుంటే తుడుచుకుంటూ అతను మార్జిన్ నిండా రాశాడు. 'కన్నీటి నివాళి' కొట్టేసి 'అశ్రునివాళి' అన్నాడు. 'చేతికింద పెరిగినవాడే గిడ్డంగిలో వెనకనుంచి ఐదు కిలోల తూకంరాయితో కొట్టినా, "నువ్వా?" అన్న ఒక్క మాటతో ఆ నమ్మకద్రోహిని లోకానికి పట్టించి, విధి నిర్వహణలో నేలకొరిగిన మహామనీషి' అని ముగించాడు. కామాలన్నీ మరోసారి చూసుకుని సంతకం పెట్టాడు.

ఫోర్‌మన్ బయటికొచ్చి చదువుకుని, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. హత్య! అదీ తూకంరాయితో! ఆయన పట్టుకున్న దొంగతూకాల కక్షే ఆయన్ని మింగిందన్నమాట. అడగాల్సిన ప్రశ్నలు నాలుక చివరిదాకా వచ్చాయి. నియమం గుర్తొచ్చి మింగేశాడు. ఫోటో పెట్టించి, మిషనెక్కించి, పోస్టర్లు అంటించేవాళ్ళను పిలిచాడు. "ఆ ఇంటి వీధిలో మాత్రం ఒక్కటీ అంటించకండి. ఆ తల్లికి ఇంకా తెలీదు" అని మరీ మరీ చెప్పాడు.

మధ్యాహ్నానికి బజారంతా ఇన్‌స్పెక్టర్ గారే. అందరికంటే ముందు చదివింది బియ్యం కొట్టు యజమాని. మామగారి చేతిలో రెండుసార్లు జుల్మానా కట్టిన మనిషి. "పోలీసులు ఐదు కిలోల రాయి ఎవరి కొట్లో లేదో చూస్తారు ముందు" అన్నాడు పక్క కొట్టువాడితో, నెమ్మదిగా. ఆ మాట కొట్టు దాటి కొట్టుకు పాకింది. ఐదు కిలోల రాయి ఉన్నవాళ్ళు దాన్ని వాకిట్లో అందరికీ కనిపించేలా పెట్టారు. లేనివాళ్ళు కొనడానికి పరుగెత్తారు. ఆ పూట బజారులో సరుకు కొన్నవాళ్ళకి తూకం సరిగ్గా వచ్చింది, కొందరికైతే ఒక గుప్పెడు ఎక్కువే. ఆయన బతికుండగా ఎన్నడూ సాధించలేనిది అది. చివరికి, ఎవరు పెద్ద పూలగుత్తి తెస్తే వాళ్ళు అంత నిర్దోషులని తేలింది. పూల కొట్టు ఖాళీ అయింది.

సాయంత్రం ప్రూఫురీడరు ప్రెస్సులోంచి బయటపడి మూల తిరిగాడు. గోడమీద మామగారు అతన్ని చూసి నవ్వుతున్నారు.

అతను ఫోటో చూశాడు. కింద తన వాక్యాలు చూశాడు. మళ్ళీ ఫోటో చూశాడు. ఏం జరిగిందో అర్థమయ్యాక అతని గుండె జారింది, అయితే లోకమంతా అనుకునే కారణానికి కాదు. బతికున్న మామగారిని చంపినందుకు ఎలాగో కాళ్ళమీద పడి బతిమాలుకోవచ్చు. కానీ ముగింపు! గిడ్డంగి, అసిస్టెంటు, రాయి, "నువ్వా?" మొత్తం పెద్దక్షరాల్లో, కామాలతో సహా, గోడగోడనా ఉంది. ప్రాణం పోయినా చెప్పనన్న మాట అతనే సంతకం పెట్టి మరీ అచ్చువేయించాడు.

పోస్టరు చింపబోయాడు. ఎవరో వచ్చి చేతులు పట్టుకున్నారు. "దుఃఖంలో ఆయన మొహం చూడలేకపోతున్నాడు పాపం" అన్నారు.

"ఆయన పోలేదండీ! ఇంట్లోనే ఉంటారు!" అని అరిచాడు.

"ఉంటారు నాయనా. ఎక్కడికి పోతారు, నీ గుండెల్లోనే ఉంటారు" అంటూ బియ్యం కొట్టు యజమాని కావలించుకున్నాడు.

విడిపించుకుని పరుగెత్తాడు. అతనికేమైనా అవుతుందని వెనక ఫోర్‌మన్, ఫోర్‌మన్ వెనక ప్రెస్సు, ప్రెస్సు వెనక పూలతో బజారు పరుగెత్తాయి. అందరూ ఒక్కసారే గుమ్మం ముందుకు వచ్చిపడ్డారు. తలుపు తీసిన ప్రూఫురీడరు భార్య ముందు ఆ పూలు చూసింది, తర్వాత ఫోర్‌మన్ చేతిలో పోస్టరు చూసింది, తర్వాత వెనక్కి తిరిగి, బస్సు దిగి బజారు వైపు రాకుండా వెనక సందులోంచి వచ్చి వాలుకుర్చీలో టీ తాగుతున్న తండ్రిని చూసింది.

"నాన్నా, నీకోసమే వచ్చినట్టున్నారు" అంది.

బియ్యం కొట్టు యజమాని చేతిలో పూలగుత్తి జారిపడింది. మామగారు లేచి వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, ఫోర్‌మన్ చేతిలోంచి పోస్టరు తీసుకున్నారు.

"మామయ్యగారూ, చదవకండి!" అన్నాడు ప్రూఫురీడరు ఏడుపు గొంతుతో. "మీ కాళ్ళు పట్టుకుంటా. నన్ను ఏమైనా అనండి. అది మాత్రం చదవకండి."

ఆయన పై అక్షరం నుంచి కింద ప్రెస్సు పేరు దాకా చదివారు. ఫోర్‌మన్ కళ్ళు మూసుకున్నాడు. ప్రూఫురీడరు మాత్రం ఆయన ముఖమే చూస్తున్నాడు, ఇక తన పక్కన కూర్చోరనుకున్న మనిషి ముఖం.

"తప్పు" అన్నారు మామగారు.

"తప్పేనండీ" అన్నాడు ఫోర్‌మన్. "మేమంతా..."

"అది కాదయ్యా. ఐదు కిలోలేమిటి? ఐదు కిలోల రాయి ఒంటిచేత్తో లేస్తుంది. వాడు రెండు చేతులా ఎత్తి కొట్టాడు. పైన కమ్మీ పిడి ఉంది. అది పది కిలోల రాయి. ఆ మాత్రం చూసుకోవద్దూ?"

మూడు సీజన్లు ఒక గొప్ప ఇన్‌స్పెక్టర్ దగ్గర శిష్యరికం చేసినవాడు ప్రూఫురీడరు. కళ్ళు తుడుచుకుని, పోయినాయన అడిగినట్టే, నెమ్మదిగా అడిగాడు.

"రెండు చేతులా ఎత్తాడని మీకెలా తెలుసు మామయ్యగారూ? పోస్టరులో ఆ ముక్క లేదే."

మామగారు పోస్టరు మడిచారు. మళ్ళీ విప్పారు. ఎన్నో కొట్లలో ఎందరో దొరికిపోయినప్పుడు పెట్టిన ముఖం ఇవాళ ఆయనే పెట్టారు.

"అక్కయ్య టీవీ బాగానే ఉంది" అన్నారు చివరికి. "రాత్రి చూశాను. అక్కయ్య పడుకుంది. ఒక్కణ్ణే చూశాను. ఆయన పడిపోయినప్పుడు 'అయ్యో' అని పక్కకి తిరిగితే... పక్కన ఎవరూ లేరు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఏడ్చీ ఏడ్చీ గొంతు పోయింది. అది చూడటం కాదనిపించింది. చూసేశానంటే మళ్ళీ నాతో కూర్చోవేమోనని..."

మాట పూర్తిచేయకుండా వెళ్ళి వాలుకుర్చీలో కూర్చున్నారు. పక్క కుర్చీమీదున్న పేపరు తీసి కింద పెట్టారు. ప్రూఫురీడరు వెళ్ళి అందులో కూర్చున్నాడు. పొద్దున్నుంచీ తను మోసిన బరువునే ఈయనా అక్కడినుంచి బస్సులో మోసుకొచ్చారు.

ఆరయింది. వచ్చినవాళ్ళు వెళ్ళడానికి మొహమాటపడి ఎక్కడివాళ్ళక్కడ కూర్చున్నారు. గిడ్డంగి వచ్చేసరికి బియ్యం కొట్టు యజమాని పూలు గుండెకు హత్తుకున్నాడు. ఫోర్‌మన్ జీవితంలో మొదటిసారి రెండో ప్రశ్న అడిగాడు: "ఆయన నిజంగానే పోతాడా?" మామా అల్లుళ్ళు ఒక్కసారే "ష్" అన్నారు. రాయి లేచింది, రెండు చేతులా. పైన కమ్మీ పిడి కూడా ఉంది. "అయ్యో" అన్నారు మామగారు, పక్కకి తిరిగి. "అయ్యో" అన్నాడు అల్లుడు.

పేర్లు వచ్చి పోయాయి, సబ్బు ప్రకటన కూడా పోయింది. అప్పుడు ప్రూఫురీడరు మామగారి ఒళ్ళోంచి పోస్టరు తీసుకుని, జేబులోంచి ఎర్రపెన్ను తీసి, 'ఐదు' కొట్టేసి 'పది' అని రాశాడు. మామగారు కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా ఇంకోసారి చూశారు.

ఆ పోస్టరులో వాళ్ళిద్దరికీ కనిపించిన తప్పు అదొక్కటే.